యోక్ పట్టేసిన చోటు

11 సెప్టెంబర్ 2011, ఆదివారం

సెలవు. అయినా మా దగ్గర విమానం నేర్చుకుంటున్న శ్రీకళ ఫోన్ చేసింది. నిన్న సాయంత్రం ఎగురుతున్నప్పుడు యోక్ గరగరలాడిందట. వెనక్కి గుంజుతుంటే లోపల ఇసుక ఉన్నట్టు తగిలిందట. లోపాలు రాసే స్నాగ్ బుక్కులో రాశావా అని అడిగాను. రాయలే మేడమ్, ముందు మీకు చెప్దామని, అంది. రేపు పొద్దున్నే వచ్చి రాయమన్నాను. నేను మర్చిపోవచ్చు. బుక్కు మర్చిపోదు.

విమానం పేరు జూలియెట్. రిజిస్ట్రేషన్‌లో ఆఖరి అక్షరాన్ని బట్టి వచ్చిన పేరు. రెండు సీట్ల పాత సెస్నా, నాకంటే రెండేళ్లు పెద్దది. మా ఫ్లయింగ్ క్లబ్బులో ఎగరగలిగింది ఇదొక్కటే. ఇది ఎగరొచ్చు అని సంతకం పెట్టే ఇంజినీర్ని నేను. ఐదేళ్లుగా ఇదే పని.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధివాళ్లు నన్ను ఎయిర్ హోస్టెస్ అనుకుంటారు. నాన్న మొదట్లో సరిదిద్దేవారు. ఇప్పుడు మానేశారు.

12 సెప్టెంబర్, సోమవారం

యోక్ అంటే విమానం స్టీరింగు. కారులోదానిలా తిరుగుతుంది, పైగా ముందుకీ వెనక్కీ జరుగుతుంది. తోస్తే విమానం ముక్కు దిగుతుంది, లాగితే లేస్తుంది. దాని గొట్టం ఎదురుగా ఉండే మీటర్ల ప్యానెల్‌లోని ఒక బెజ్జంలోంచి లోపలికి పోతుంది. బెజ్జం చుట్టూ ప్లాస్టిక్ కాలర్. దుమ్మంతా చేరేది అక్కడే.

హ్యాంగర్‌లో నాతో పనిచేసే మల్లేశం గారు కాలర్ అంచున వేలు పెట్టి తుడిచి చూపించారు. నల్లటి ముద్ద. ఎవరో నూనె పోశారు. పోసిన పూట బాగానే జారుతుంది. మర్నాటి నుంచి రన్‌వే మీది దుమ్మంతా దానికి అంటుకుంటుంది.

శ్రీకళ అక్కడే నిలబడి ఉంది. నేనే మేడమ్, అంది. పోయిన వారం కొంచెం బిగుతుగా అనిపించిందట. ఇంటినుంచి కుట్టు మిషన్ నూనె తెచ్చి నాలుగు చుక్కలు వేసిందట. మా నాయిన లారీకి గట్లనే ఏస్తడు మేడమ్, అంది. వాళ్లది బాటసింగారం. తండ్రి లారీ నడుపుతాడు. ఆ ఊళ్లో విమానం నేర్చుకుంటున్న మొదటి మనిషి ఈ పిల్లే. కోప్పడదామనుకున్నాను, మల్లేశం గారు నవ్వేసరికి కుదరలేదు.

సాల్వెంట్‌తో గొట్టం మొత్తం తుడిచాం. కాలర్ లోపల గుడ్డ దూర్చి లాగాం. పొడి లూబ్రికెంట్ పల్చగా పట్టించి, మిగిలింది తుడిచేశాం. యోక్ తేలిగ్గా కదిలింది. స్ప్రింగ్ కాటా తగిలించి లాగి చూశాను. ఎంత బలం పట్టాలో పుస్తకంలో ఉన్నంతే పట్టింది.

అప్పుడు మల్లేశం గారు సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని, రెండు వేళ్లతో యోక్‌ని ఆఖరిదాకా లాగారు. వదిలారు. మళ్లీ లాగారు.

ఇంక జర ఉన్నది బిడ్డా, అన్నారు. ఆఖరుకొచ్చినంక లోపల ఏదో రాసుకుంటున్నది.

నేనూ కళ్లు మూసుకుని లాగాను. నాకేమీ తెలియలేదు. రేపు ప్యానెల్ విప్పి చూద్దాం అన్నాను.

రేపటి నుంచి నేను రాను బిడ్డా, సమ్మె, అన్నారు. తెలంగాణ కోసం సకలజనుల సమ్మె అంటే సర్కారు ఉద్యోగులకనుకున్నాను, మీకెందుకు అన్నాను. అని ఉండాల్సింది కాదు. ఆయన చేతులు తుడుచుకుంటూ, సకలజనుల్ల నేను లేనా, అన్నారు.

13 సెప్టెంబర్, మంగళవారం

మల్లేశం గారు రాలేదు. ఎల్బీనగర్ రింగు రోడ్డు దగ్గర టెంటులో కూర్చున్నారని వాచ్‌మన్ చెప్పాడు.

క్లబ్బులో ఆయన పేరు ఎదురుగా ఇప్పటికీ హెల్పర్ అనే ఉంటుంది. ఇరవై రెండేళ్లు. నేను చేరిన కొత్తలో కేబుల్ ఎంత బిగువుండాలో నా చెయ్యి పట్టుకుని చూపించింది ఆయనే. ఆర్నెల్ల తర్వాత ఆయన పని తనిఖీ చేసి సంతకం పెట్టడం మొదలుపెట్టాను. చదువుకుని పరీక్షలు రాశాను, లైసెన్స్ వచ్చింది. ఆయన రాయలేదు. రాయించిన వాళ్లూ లేరు.

14 సెప్టెంబర్, బుధవారం

క్లబ్బు ఓనరు చక్రపాణి గారు పిలిచారు. జూలియెట్ ఎందుకు నిలబడి ఉందమ్మా అని అడిగారు. ప్యానెల్ విప్పాలండి, ఇంకో చెయ్యి కావాలి, అన్నాను. కాటాలో సరిగ్గా వచ్చిందా లేదా అన్నారు. వచ్చిందండి. మరి నీకేమైనా తగులుతోందా? లేదండి. మరింకేంటమ్మా, ఆయనెవరో కళ్లు మూసుకుని ఏదో అన్నాడని విమానం ఆపేస్తామా? సమ్మెకి వెళ్తూ మనల్ని ఇరుకున పెట్టి వెళ్లాడేమో ఆలోచించు, అన్నారు.

ఆలోచించాను. నిజం చెప్పాలంటే, అలా జరిగి ఉండొచ్చని కాసేపు అనిపించింది.

15 సెప్టెంబర్, గురువారం

మళ్లీ శుభ్రం చేశాను. మళ్లీ కొలిచాను. రీడింగ్ మారలేదు. నూనె వల్ల వచ్చిన సమస్య, నూనె తీసేశాం, పోయింది. సంతకం పెట్టాను.

16 సెప్టెంబర్, శుక్రవారం

జూలియెట్ నాలుగు సార్లు ఎగిరింది. ఫిర్యాదు లేదు.

19 సెప్టెంబర్, సోమవారం

ఆర్టీసీ వాళ్లూ సమ్మెలోకి దిగారు. దిల్‌సుఖ్‌నగర్ డిపో ముందు బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. కోచింగ్ సెంటర్లకి తాళాలు. కర్మన్‌ఘాట్ మీదుగా స్కూటీ మీద ఇరవై నిమిషాల్లో వెళ్లిపోయాను. రోడ్లు ఇంత ఖాళీగా ఎప్పుడూ చూడలేదు.

బయల్దేరేముందు నాన్న వద్దన్నారు. మనం మాట్లాడితే గోదావరి యాస తెలిసిపోతుందమ్మా, నాలుగు రోజులు ఇంట్లో ఉండు, అన్నారు. ఈ యాసతోనే ఇక్కడ పద్దెనిమిదేళ్లుగా కూరగాయలు కొంటున్నాం నాన్నా అన్నాను. ఆయన పేపరు మడిచి లోపలికి వెళ్లిపోయారు. క్లబ్బులో ఇన్‌స్ట్రక్టర్లు కూడా జూలియెట్ బాగుందన్నారు.

21 సెప్టెంబర్, బుధవారం, మధ్యాహ్నం 12

శ్రీకళ సోలో. ఒక్కతే.

నేను హ్యాంగర్ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. దిగడానికి రన్‌వే వైపు వస్తోంది, అప్రోచ్ బాగుంది. రన్‌వే మీదికి వచ్చాక ముక్కు లేవాలి. లేవలేదు. అలాగే కిందికి వస్తోంది. ముందు చక్రం నేలకి తగిలింది, విమానం ఎగిరిపడింది. ఆ ఎగిరిపడటంలో ముక్కు ఒక్కసారిగా పైకి లేచింది. మళ్లీ పడింది. రన్‌వే పక్క గడ్డిలోకి దూసుకెళ్లి ఆగింది.

పరిగెత్తాను. ఎంత దూరం పరిగెత్తానో గుర్తులేదు.

శ్రీకళ తనే దిగింది. రెక్క కింద కూర్చుంది. కుడి అరచెయ్యి కమిలిపోయింది. ముందు చక్రం వంగింది, ప్రొపెల్లర్ కొసలు వంకర పోయాయి. మిగతా అంతా అలాగే ఉంది.

అదే రోజు, సాయంత్రం 6

యోక్ సగందాకా వచ్చి పట్టేసిందట. ఎంత గుంజినా రాలేదట. రెండు చేతులతో గుంజిందట. అప్పుడు లోపల ఏదో టప్పుమని తెగిందట, యోక్ ఛాతీ మీదికి వచ్చిందట. అప్పటి నుంచి రేడియో పని చెయ్యలేదట.

ఇదంతా దవాఖానలో కట్టు కట్టించుకుంటూ చెప్పింది. తర్వాత మెల్లగా, నా నూనె వల్లనే కదా మేడమ్, అంది.

నేనేమీ అనలేదు. ఏమీ తెలియకుండా ఏమనాలి? కానీ కాదు అని ఒక్క మాట అనొచ్చు. అనలేదు.

22 సెప్టెంబర్, గురువారం

ప్యానెల్ విప్పాను. ఒక్కదాన్నే. మూడు గంటలు పట్టింది.

ఆగస్టులో కొత్త రేడియో పెట్టాం. దాని వైర్లన్నీ ఒక కట్టగా చేర్చి పైన బ్రాకెట్‌కి కట్టాలి. ప్లాస్టిక్ టైలతో కట్టారు, మూడు చోట్ల. ఒకటి తెగిపోయింది, ఒకటి వదులైంది. ఇంజిన్ వణికినప్పుడల్లా కట్ట కొంచెం కొంచెం దిగుతూ వచ్చి యోక్ గొట్టం మీద వాలింది. మొదట రాసుకుంది. నిన్న మడతపడి అడ్డం పడింది. శ్రీకళ గుంజిన గుంజుడికి రెండు వైర్లు తెగాయి. అవి తెగబట్టి ముక్కు లేచింది. తెగకపోయి ఉంటే అని కాసేపు ఆలోచించాను. ఇక్కడ రాయను.

కట్టారు అని రాశాను పైన. కట్టింది నేను. ఆ రోజు మల్లేశం గారు సెలవు. కనపడని మూలకి అద్దం పట్టుకుని చూస్తూ, చెయ్యి చాలక, తొందరలో, నేనే కట్టాను.

నూనెకి దీనితో సంబంధం లేదు. నూనె ఉండబట్టి నేను అక్కడితో ఆగిపోయాను, అంతే.

23 సెప్టెంబర్, శుక్రవారం

చక్రపాణి గారు తలుపు వేసి మాట్లాడారు. సివిల్ ఏవియేషన్ వాళ్లకి రిపోర్టు పంపాలి. ఆగస్టు వర్క్‌షీట్ ఆయన ముందు ఉంది. కింద నా సంతకం ఉంది, పని చేసింది ఎవరు అన్న గడి మాత్రం ఖాళీ. నింపడం మర్చిపోయాను.

అక్కడ మల్లేశం పేరు రాయమ్మా, అన్నారు. వైరింగ్ ఎప్పుడూ చేసేది అతనేగా, ఎవరికీ అనుమానం రాదు. తనిఖీలో కనపడలేదని నీకో వార్నింగ్ ఇస్తారు. లేదంటే నీ లైసెన్స్ పోతుంది. అతను ఎలాగూ రావట్లేదు, మళ్లీ తీసుకునే ఉద్దేశం నాకూ లేదు. మనవాళ్లం ఒకళ్లకొకళ్లం లేకపోతే ఈ రోజుల్లో ఎలాగమ్మా?

సోమవారందాకా టైమిచ్చారు.

24 సెప్టెంబర్, శనివారం

రైల్ రోకో. అమ్మమ్మ హనుమాయమ్మ రాజమండ్రి నుంచి ఫోన్ చేసి, అందరూ వచ్చెయ్యండి అని ఏడ్చింది. నాన్న రామన్నారు. ఆయన అలా అంటారని అనుకోలేదు.

వర్క్‌షీట్ ఇంటికి తెచ్చుకున్నాను. ఆ గడిలో పెన్సిల్‌తో రాసి చూశాను. ఎలా కనపడుతుందో చూద్దామని. మల్లేశం. గడిలో సరిగ్గా పట్టింది. చూస్తే ఎవరికీ అనుమానం రాదు.

చాలాసేపు అలాగే ఉంచాను.

25 సెప్టెంబర్, ఆదివారం

ఎల్బీనగర్ వెళ్లాను. టెంటు కింద నలభై, యాభై మంది. ఒకామె మైకులో పాడుతోంది. పక్కన రోడ్డు మీదే పొయ్యి పెట్టి వంట చేస్తున్నారు. ఆర్టీసీ డ్రైవర్లు, టీచర్లు, ఒక లాయరు నల్లకోటుతో. మల్లేశం గారు ముందు వరసలో, మెళ్లో దండతో ఉన్నారు. నన్ను చూడగానే దండ తీసి పక్కాయనకిచ్చి లేచి వచ్చారు. ఎవరని అడిగిన వాళ్లకి, మా ఇంజినీర్ మేడమ్, అన్నారు. ఆ తర్వాత ఎవరూ నన్నేమీ అడగలేదు. ఒకావిడ స్టీలు గ్లాసులో చాయ్ తెచ్చి ఇచ్చింది.

పక్కన చెట్టు నీడలో నిలబడి చెప్పాను. ఎక్కడా ఆపకుండా చెప్పాను.

ఆయన మొదట అడిగింది, పిల్లకేం కాలేదు గదా?

చెయ్యి కమిలింది, అంతే, అన్నాను.

దవాఖానకు తోల్కపోయిన్రా?

తీసుకెళ్లాం.

తర్వాత చక్రపాణి గారు రాయమన్నది చెప్పాను. పెన్సిల్‌తో రాసి చూశానని కూడా చెప్పాను. అది చెప్పక్కర్లేదు. కానీ చెప్పకుండా ఆయన ముందు చాయ్ తాగడం చేతకాలేదు.

ఆయన మొహంలో మార్పేమీ లేదు. రోడ్డువైపు చూస్తూ మాట్లాడారు.

నా పేరు రాస్తే నాకు పోయేదేమున్నది బిడ్డా, లైసెన్సా, ఉద్యోగమా? ఉద్యోగం పోయిందని మీరే అంటున్రు. రాస్కోండ్రి. నేనొచ్చి కాదనను. గానీ ఒక్క మాట. ఆ వైర్లు నేను కడితే ప్లాస్టిక్ టైలతోని కట్టేటోణ్ణి కాదు. మైనపు దారంతోని కడ్త, జానకొక ముడి. ఇరవై రెండేండ్లల్ల నేను కట్టిన కట్ట ఒక్కటి జారలే. గా కాయితం చదివే పెద్దసారుకు ఏం తెలుస్తది? నాకు తెలుస్తది. మీకు తెలుస్తది.

ఆ రోజు మీరు చెప్పారు, నేను వినలేదు, అన్నాను.

నేనన్నా ఇంకో దినం ఆగి, విప్పి చూపెట్టి రావల్సిండె, అన్నారు. టెంటు ఒక దినం ఆగేది.

మైకులో ఆయన పేరు పిలిచారు. పోతా మరి, అని వెళ్లిపోయారు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, పైలంగ పో బిడ్డా, పెద్ద రోడ్డు మీద రాస్తారోకో ఉన్నది, కర్మన్‌ఘాట్ మీదికెళ్లి పో, అన్నారు.

26 సెప్టెంబర్, సోమవారం

పెన్సిల్ చెరిపాను. పెన్నుతో రాశాను. పని చేసినది: మృదుల. తనిఖీ చేసినది: మృదుల. ఖాళీగా వదిలిన గడిని ఈ రోజు తేదీతో నింపుతున్నానని పక్కనే రాసి సంతకం పెట్టాను. రిపోర్టులో పన్నెండో తేదీన మల్లేశం గారు చెప్పిన మాట రాశాను. ప్యానెల్ విప్పకుండా పదిహేనున విమానాన్ని ఎగరడానికి విడుదల చేశానని రాశాను.

చక్రపాణి గారు చదివారు. అరవలేదు. నువ్వు మీ నాన్నగారికి చెప్పావా అని మాత్రం అడిగారు. లేదండి అన్నాను. చెప్పు, అన్నారు.

శ్రీకళకి ఫోన్ చేశాను. నూనె వల్ల కాదు, నా వల్ల, అని చెప్పాను. ఐదు రోజులు ఆలస్యంగా. ఈ ఐదు దినాలు మా నాయినతోని మాట్లాడలే మేడమ్, ఇగ విమానం వద్దని చెప్దామనుకున్న, అంది. తర్వాత ఏడ్చింది. తర్వాత నన్ను తిట్టింది. తిట్టడం అంటే, ముందే చెప్తే ఏం పోయేది మీకు, అంది. అంతకంటే గట్టిగా తిట్టడం ఆ పిల్లకి రాదు.

నాన్నకి చెప్పాను. అన్నం కలుపుతున్నవారు ఆగి, ఆ అమ్మాయి బాగానే ఉందా, అని అడిగారు.

13 అక్టోబర్, గురువారం

ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. మర్యాదగా మాట్లాడారు. తెగిన టై కవర్లో వేసుకుని తీసుకెళ్లారు. మల్లేశం గారిని కూడా పిలిపించి మాట్లాడారు. లోపల ఏం చెప్పారో నేను అడగలేదు. బయటికొచ్చి, సార్లు మంచోళ్లే, అని మాత్రం అన్నారు.

21 అక్టోబర్, శుక్రవారం

లైసెన్స్ ఆరు నెలలు సస్పెండ్.

ఊహించిందే. అయినా కాయితం మీద చదివితే వేరేగా ఉంది.

25 అక్టోబర్, మంగళవారం

నిన్న సమ్మె ముగిసింది. మల్లేశం గారు ఈ రోజు పొద్దున ఎనిమిదింటికి యూనిఫారంలో వచ్చారట. చక్రపాణి గారు గేటు దగ్గరే ఆపారట. నీకు పని లేదన్నారట. మల్లేశం గారు గొడవ పడకుండా, జూలియెట్ ప్యానెల్ ఎవరు కడ్తరు సార్, అన్నారట. బేగంపేట నుంచి తెచ్చిన కొత్త ఇంజినీరు భానుమూర్తి గారు, రిపోర్టు తను చదివానని, ఈయన లేకపోతే తను సంతకం పెట్టనని అన్నారట. ఇదంతా వాచ్‌మన్ ఫోన్‌లో చెప్పాడు. చెబుతూ రెండుసార్లు నవ్వాడు.

9 నవంబర్, బుధవారం

వనస్థలిపురంలో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతున్నాను. సమ్మెలో పోయిన క్లాసులన్నీ ఒకేసారి నడుపుతున్నారు. రోజుకి ఏడు గంటలు. ఘర్షణ పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి, మేడమ్, లూబ్రికెంట్ ఎప్పుడూ మంచిదే కదా అంది. కాదు అన్నాను. ఎందుకో చెప్పడానికి గంట పట్టింది.

27 నవంబర్, ఆదివారం

మల్లేశం గారు ఇంటికి వచ్చారు. మొదటిసారి. నాన్న కుర్చీ వేసి, కాఫీయా టీయా అని రెండుసార్లు అడిగారు. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. రాష్ట్రం వస్తుందా రాదా అని వాదించుకున్నారు కూడా. ఒస్తది సార్, రాసి పెట్టుకోండ్రి, అన్నారాయన. వస్తే మమ్మల్ని ఉండనిస్తారా అని నాన్న నవ్వుతూనే అడిగారు, కానీ అది నవ్వుతూ అడిగే ప్రశ్న కాదు. మల్లేశం గారు, ఉండనిచ్చుడేంది సార్, మీ ఇంట్ల ఉండనీకి మీరు ఎవర్నన్న అడుగుతరా, ఉంటరు గానీ, అన్నారు. నాన్న ఇంకో కప్పు పొయ్యమన్నారు.

మల్లేశం గారు వెళ్తూ వెళ్తూ చెప్పారు. కొత్త ముందు చక్రం, ప్రొపెల్లర్ వచ్చాయట. ఇంజిన్ విప్పి చూసి మళ్లీ కట్టారట. వైర్లు తనే దారంతో కట్టారట. భానుమూర్తి గారు అద్దం పెట్టి ఒక్కో ముడీ చూశారట. తన పేరు ఎదురుగా ఇప్పుడు టెక్నీషియన్ అని రాస్తున్నారట. చక్రపాణి గారు ఒప్పుకున్నారా అని అడిగాను. ఒప్పుకోకుంటే ఏంజేస్తడు, అన్నారు.

18 మార్చి 2012, ఆదివారం

శ్రీకళకి పోయిన వారం లైసెన్స్ వచ్చింది. మొదటి ప్యాసెంజర్‌గా ఎవర్నైనా తీసుకెళ్లొచ్చు. వాళ్ల నాన్నని తీసుకెళ్తుందనుకున్నాను. ఆయన, లారీ చాలు తల్లీ, అని రెండు చేతులూ జోడించాడు.

జూలియెట్ కుడి సీట్లో నేను. అల్మాస్‌గూడ ఇళ్ల మీదుగా తిరిగి రన్‌వే వైపు దిగుతున్నాం. నా ముందు కూడా ఒక యోక్ ఉంది. రెండూ లోపల ఒకదానికొకటి కలిసి ఉంటాయి. తను లాగితే ఇది కూడా నా వైపు వస్తుంది.

వచ్చింది. సగం దాటింది. ఆగకుండా వచ్చింది.

చేతులు ఒళ్లో పెట్టుకునే ఉన్నాను.